శ్రీ టక్కు గారి సముఖానికి

మహారాజశ్రీ టక్కు గారికి,

అనేక నమస్కారాలు. ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం. తమరు ఎవరి మెడలోనో, ఎవరి నడుములోనో క్షేమంగా దాక్కుని ఉంటారని తలుస్తాను.

నన్ను మీరు గుర్తుపట్టకపోవచ్చు. అనంతపురం సాయినగర్‌లో, మెడికల్ షాపు మేడ మీద, కైరోప్రాక్టిక్ అనే చేతివైద్యంతో వెన్నెముకలు సరిచేసే వెల్‌నెస్ సెంటర్‌లో ముందు కౌంటర్ నాది. బ్యాడ్జి మీద ‘స్పైన్ కేర్ అడ్వైజర్’ అని ఉంటుంది. ఇంట్లో మాత్రం ఫోన్లు ఎత్తే పని అంటారు. నెలకు పన్నెండు వేలు, ప్యాకేజీ అమ్మితే పైన కొంచెం. లోపలి గదిలో సారు ఎవరి మెడనో రెండు చేతులా పట్టుకుని ఉన్నట్టుండి తిప్పితే ‘టక్’మని వస్తారే, ఆ మీకే ఈ ఉత్తరం. మీరు వస్తే నాకు జీతం వస్తుంది. రాకపోతే మనిషి నేరుగా కౌంటర్ దగ్గరికి వస్తాడు.

"ఏమ్మా, శబ్దమే రాల్యా. దుడ్డు వాపస్ ఇస్తారా?"

"నొప్పి ఎలా ఉంది సార్?"

"నొప్పి తగ్గింది గానీ, శబ్దం రాల్యా గదా!"

ఇలాంటివాళ్ళకు ఇంకోసారి తిప్పించుకునే కూపన్ ఇస్తాం. మా అవ్వ చిన్నప్పుడు నన్ను ‘టక్కులమారి’ అని తిట్టేది. ఆ మాటకు అర్థం ఉద్యోగంలో చేరాక తెలిసింది.

మీ పుట్టుక గురించి సారు చెప్పే కథ ఒకటుంది. టేబుల్ మీద వేలాడే ప్లాస్టిక్ వెన్నెముకను ఊపుతూ చెబుతాడు. ఎముక పక్కకు జరిగింది, దానివల్ల నరం నలిగింది, ఇప్పుడు గూట్లో పడింది, పడిన శబ్దమే మీరు. రెండు నెలలు నేనూ నమ్మాను. తర్వాత ఫిజియోథెరపీ చదివిన నా క్లాస్‌మేట్ ఒకరోజు టీ తాగుతూ మీ గుట్టు విప్పింది. కీలు మధ్య గుడ్డులోని తెల్లసొన లాంటి ద్రవం ఉంటుందట. కీలును లాగితే అక్కడ ఒత్తిడి పడిపోయి గ్యాస్ బుడగ ఏర్పడుతుంది, ఆ సందడే మీరట. 2015లో కెనడాలోని ఆల్బెర్టా యూనివర్సిటీవాళ్ళు మనిషి వేలు ఎంఆర్‌ఐ మిషన్‌లో పెట్టి లాగి మరీ చూశారట. అంటే, టక్కు గారూ, మీరు గ్యాసు. గ్యాసుకు మా ఊళ్ళో వాము నీళ్ళు ఇస్తారు. మేము ప్యాకేజీ ఇస్తున్నాం.

మీ వంశవృక్షం మా బ్రోచర్‌లో రెండో పేజీలో ఉంది. అమెరికాలో అయోవా రాష్ట్రం, డావెన్‌పోర్ట్ ఊరు, 1895. అయస్కాంత వైద్యం చేసుకునే డి.డి. పామర్ అనే ఆయన, అదే బిల్డింగులో ఊడ్చి తుడిచే హార్వే లిలార్డ్ అనే చెవిటి మనిషి వెన్ను నొక్కితే చెవులు వినబడ్డాయట. చెవి నుంచి మెదడుకు పోయే నరం తలలోనే మొదలై తలలోనే ముగుస్తుంది. వీపు దాకా రావడానికి దానికి బస్సు కూడా లేదు. లిలార్డ్ కూతురు చెప్పిన కథ ఇంకోలా ఉంది. వరండాలో జోకు విని నవ్వుతూ పామర్ చేతిలోని పుస్తకంతో వాళ్ళ నాన్న వీపు మీద చరిచాడట. అదే మొదటి వైద్యమట. లైసెన్సు లేకుండా వైద్యం చేశాడని 1906లో పామర్‌ను జైల్లో పెట్టిన సంగతి మా బ్రోచర్‌లో పట్టలేదు. చోటు లేదు మరి. ఆ పేజీలో మా సారు ఫోటో ఉంది.

ఆయన ఎక్కడ చదివారని ఎవరూ అడగరు. అడిగితే బెంగళూరు అంటాం, ఎన్ని శని ఆదివారాలు అన్నది చెప్పం. ఫిజియోథెరపీకైనా 2021 నుంచి ఒక చట్టమంటూ ఉంది. మీ మీద మాత్రం మన దేశంలో ఏ కౌన్సిలూ కూర్చోలేదు. గోడ మీద సర్టిఫికెట్‌కు బంగారు రంగు ఫ్రేమ్ ఉంది, అది చాలు.

మార్కెటింగ్ అంటారా, ఆదివారాలు ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ దగ్గర వాకింగ్ చేసేవాళ్ళను గళ్ళ చార్టు ముందు నిలబెట్టి ఉచితంగా చెకప్ చేస్తాం. "సార్, మీ ఎడమ భుజం కిందికుంది" అని చెప్పడం నా డ్యూటీ. అందరి భుజమూ ఏదో ఒకటి కిందికే ఉంటుంది. ఈ ఊళ్ళో రెండు భుజాలూ సమానంగా ఉన్న మనిషిని ఇంతవరకు చూడలేదు. ఒకాయన దాదాపు సమానంగా నిలబడితే, "బిగుసుకుపోయాడు, ఆయన నంబర్ కూడా తీసుకో" అన్నారు సారు.

నా భుజాల సంగతి అడక్కండి. పది గంటలు కూర్చునే నా కుర్చీకి ఒక కాలు పొట్టి. కింద మా పాంప్లెట్ మడిచి పెట్టాను. పైకి కనబడే లైను, ‘సరిగా కూర్చోవడమే సగం ఆరోగ్యం’.

నిజం దాచకూడదు గనక చెబుతున్నాను, కొందరు హాయిగా లేచి పోతారు. నడుము నొప్పికి ఈ చేతివైద్యం కొంత పనికొస్తుందని నా క్లాస్‌మేటే ఒప్పుకుంది. కొత్తగా పట్టిన నడుము చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే సర్దుకుంటుందని కూడా చెప్పింది. మా ప్యాకేజీ మూడు నెలలు. నా కోడి కూస్తేనే తెల్లవారుతుందన్న ముసలమ్మకు ఒక కోడే. మాకు ఇరవై నాలుగు సిట్టింగులు.

ముసలమ్మ అంటే గుర్తొచ్చింది. చెనిక్కాయ పీకే రోజుల్లో శింగనమల వైపు నుంచి ఒక అవ్వను కొడుకు తీసుకొచ్చాడు. బోర్లా పడుకోబెడితే ముఖం పెట్టే రంధ్రంలోంచి నేల చూస్తూ, "ఈడ ఊడ్చలేదే" అంది. సారు నడుము పట్టుకుని తిప్పాడు. మీరు దివ్యంగా వచ్చారు. బయటికి వినబడింది.

"విన్నావా అవ్వా? ఎముక గూట్లో పడింది."

అవ్వ లేచి కొంగు సర్దుకుంది. "ఇంతేనా నాయనా? ఈ సప్పుడు నేను కూసోని లేసినప్పుడల్లా మోకాళ్ళల్లో వస్తాది. ఎవురూ దుడ్డియ్యలేదే!"

కొడుకు సిగ్గుపడ్డాడు. అవ్వ ఆగలేదు. వాళ్ళ ఊళ్ళో ఎదురుకాళ్ళతో పుట్టినాయన ఒకడు ఉండేవాడట. నడుము పట్టినవాళ్ళు వాకిట్లో బోర్లా పడుకుంటే మూడుసార్లు తొక్కి పోయేవాడు. ఆయనకు ఒక టెంకాయ ఇచ్చేవాళ్ళు. మా రేటు కార్డులో టెంకాయ లేదు, ప్యాకేజీ పద్దెనిమిది వేలు. చివరికి అవ్వ ఒకటే అడిగింది.

"రేపు మళ్ళా చెనిక్కాయ పీకనీకి పోవల్ల. వంగితే అది గూట్లోనే ఉంటాదా?"

"అందుకే అవ్వా ఇరవై నాలుగు సిట్టింగులు!" అన్నారు సారు. ఆ సమయస్ఫూర్తికి నేను మనసులో దండం పెట్టుకున్నాను.

ఆ అవ్వ చేత ఫారం మీద వేలిముద్ర వేయించింది నేనే. ఇంగ్లీషులో, చీమల్లాంటి అక్షరాల్లో ఉంటుంది. మెడ తిప్పినప్పుడు అరుదుగా అక్కడి రక్తనాళం చిరిగి పక్షవాతం రావచ్చని ఆరో లైనులో ఉంది. "ఇదేం రాసినారు?" అని ఎవరైనా అడిగితే "ఫార్మాలిటీ" అనాలని ట్రైనింగ్‌లో చెప్పారు. అవ్వకు కూడా అదే చెప్పాను. ఆవిడ మెడ జోలికి సారు పోలేదు, నడుముతో సరిపెట్టారు. ఆ రోజు నాకు అదొక్కటే ఊరట.

మెడ వంతు నాకు పోయిన నెలలో వచ్చింది. రీల్ తీయాలి, స్టాఫ్‌కు ట్రీట్‌మెంట్ ఫ్రీ అన్నారు. ఫారం కూడా అడగలేదు. కాలర్‌కు చిన్న మైకు తగిలించి, "నవ్వుతూ ఉండు" అని సారు నా గడ్డం పట్టుకున్నారు. మొదటి టేకులోనే మీరు వచ్చారు. మైకు ఆన్ చేయలేదు. రెండో టేకు, మూడో టేకు, మీ జాడ లేదు. ఒకసారి టక్కుమన్న కీలు మళ్ళీ టక్కుమనడానికి ఇరవై నిమిషాల దాకా పడుతుందని నాకు తెలుసు. గడ్డం ఆయన చేతిలో ఉండగా ఎలా చెప్పను? నాలుగో టేకుకు నా నోట్లోంచి శబ్దం వచ్చింది గానీ అది మీది కాదు.

చివరికి వీడియో తీసే పిల్లాడికి జాలేసింది. జేబులోంచి వేయించిన చెనిక్కాయ తీసి, మైకు పక్కన రెండు వేళ్ళతో చిదిమాడు.

టక్.

"అబ్బా, సూపర్!" అన్నారు సారు, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని.

ఆ రీల్ బాగా పోయింది. నిన్న ధర్మవరం నుంచి మగ్గం నేసే ఒకాయన వచ్చాడు. గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని కూర్చుని నడుము వంగిపోయింది. ఫోన్‌లో నా మెడ చూపించి, "ఈ పాప మాదిరి శబ్దం రావల్లమ్మా, తక్కువ శబ్దమైతే నాకొద్దు" అన్నాడు. ఫారం ఆయన ముందు పెట్టి, ఆరో లైను తెలుగులో చదివి వినిపించాను. ఓపిగ్గా విని, "అది సరే, శబ్దం వస్తాదా రాదా?" అన్నాడు.

డ్రాయర్‌లో పావుకిలో చెనిక్కాయలు ఉన్నాయి. సారే తెప్పించి పెట్టారు.

ఇట్లు,
కుడివైపుకు తిరగాలంటే మనిషంతా తిరుగుతున్న
మీ స్పైన్ కేర్ అడ్వైజర్