ఊరి బయట స్టేడియం కడితే వరంగల్‌కు ఏమొస్తుంది? ఆ మెసేజ్‌కు నా జవాబు

ఈ మధ్య మా వరంగల్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ చక్కర్లు కొడుతోంది. దాని సారాంశం ఇది: "హన్మకొండ నడిబొడ్డున ఉన్న జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం ఇరుకైపోయింది, ఎవరికీ పనికిరావట్లేదు. ఊరి బయట రింగ్ రోడ్డు పక్కన వంద ఎకరాల్లో క్రికెట్ స్టేడియం కట్టాలి. అక్కడ భూమి చవక, ఇంటర్నేషనల్ మ్యాచ్‌లు వస్తాయి, చుట్టుపక్కలంతా డెవలప్ అవుతుంది. చెరువు శిఖం భూములు ఎలాగూ ఖాళీగానే ఉన్నాయి." కొత్త స్టేడియం కావాలని నాకూ ఉంది. కానీ ఇందులో చెప్పిన కారణాల్లో ఒక్కటీ నిలిచేది కాదు.

ముందు "పనికిరావట్లేదు" అన్న మాట. 2021 సెప్టెంబరులో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగింది ఈ స్టేడియంలోనే. మహిళల 1500 మీటర్ల పరుగులో సునీతా రాణి పేరిట 2002 నుంచి ఉన్న జాతీయ రికార్డును హర్మిలన్ బైన్స్ ఇదే ట్రాక్ మీద 4 నిమిషాల 5.39 సెకన్లతో దాటేసింది. ఇక రోజువారీ సంగతి తెలియాలంటే పొద్దున ఐదున్నరకు వచ్చి చూడండి. కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారయ్యే పిల్లలు గుంపులుగా పరుగెత్తుతుంటారు. మగపిల్లలకు 1600 మీటర్లు, అంటే నాలుగు రౌండ్లు. ఆడపిల్లలకు 800, రెండు రౌండ్లు. మొన్న ఒకమ్మాయి రెండో రౌండ్ ముగించి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగిపోయింది. పక్కనే ఫోన్‌లో టైమ్ చూస్తున్న వాళ్లమ్మ, "ఇంకా ఇరవై సెకన్లు ఎక్కువైతున్నయి బిడ్డా" అంది. ఆ పిల్ల నీళ్లు తాగి మళ్లీ గీత దగ్గరికి పోయి నిలబడింది. ఇలాంటి చోటును పనికిరానిదని ఎలా అంటారు?

భూమి చవక అన్నారు. కొనేటప్పుడు చవకే. ఆ తర్వాత రోడ్డు వెడల్పు చేయాలి, కరెంటు, నీళ్లు, మురుగు లైన్లు వేయాలి, బస్సులు నడపాలి. ఆ ఖర్చంతా మన పన్నుల్లోంచే పోతుంది.

మ్యాచ్‌ల ఆశే చాలామందిని ఊరిస్తోంది. రాయ్‌పూర్ సంగతి చూడండి. ఒక రాష్ట్రానికి రాజధాని. ఊరికి దూరంగా నయా రాయ్‌పూర్‌లో కట్టిన పెద్ద స్టేడియం 2008లో తెరుచుకుంది. మధ్యలో కొన్ని ఐపీఎల్ మ్యాచ్‌లు జరిగాయి గానీ, పురుషుల అంతర్జాతీయ మ్యాచ్ మొదటిసారి చూసింది 2023 జనవరి 21న, న్యూజిలాండ్ వచ్చినప్పుడు. విజయవాడ మున్సిపల్ స్టేడియానికి పురుషుల వన్డే ఒకే ఒక్కసారి దక్కింది, అదీ 2002లో. ఎంతో పేరున్న విశాఖకు 2025 ఐపీఎల్‌లో వచ్చినవి రెండు మ్యాచ్‌లు. మనకూ ఏడాదికి రెండు వచ్చాయనే అనుకుందాం. మిగతా 363 రోజులు అక్కడ ఎవరుంటారు? రింగ్ రోడ్డు దాకా తెల్లారకముందే ఏ పిల్ల పోగలదు?

డెవలప్‌మెంట్ అనగానే అందరూ గచ్చిబౌలిని చూపిస్తారు. ఆ స్టేడియం 2002 జాతీయ క్రీడల కోసం కట్టారు. కానీ హైటెక్ సిటీ అప్పటికే, 1998లోనే తెరుచుకుంది. అక్కడ భూముల ధరలు పెంచింది ఐటీ కంపెనీలు. ఉప్పల్‌లో మొదటి అంతర్జాతీయ మ్యాచ్ 2005లో జరిగితే, 'స్టేడియం' అనే మెట్రో స్టేషన్ వచ్చేసరికి 2017 అయింది. అమెరికా ఆర్థికవేత్తలు రోజర్ నోల్, ఆండ్రూ జింబలిస్ట్ 1990ల్లోనే అక్కడి స్టేడియాల లెక్కలు తీశారు. ప్రజల డబ్బుతో కట్టిన స్టేడియం ఆ ఊరి ఆదాయాన్ని, ఉద్యోగాలను చెప్పుకోదగ్గంతగా పెంచదని తేల్చారు. లాభపడేది చుట్టూ ముందే ప్లాట్లు కొనుక్కున్నవాళ్లు.

ఇక శిఖం భూముల మాట. ఇది చదివినప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది. శిఖం ఖాళీ జాగా ఎట్లయితుంది? ఎండాకాలం నీళ్లు దిగిపోతే బయటపడే చెరువు కడుపే శిఖం. మనది కాకతీయులు గొలుసుకట్టు చెరువులు తవ్వించిన నేల. పైచెరువు నిండి మత్తడి దూకితే ఆ నీళ్లు కింది చెరువుకు పోవాలి. ఆ దారిలో కాంక్రీటు గ్యాలరీలు, పార్కింగ్ పోస్తే నీళ్లు ఇళ్లలోకి వస్తాయి. 2020 ఆగస్టులో అదే జరిగింది. నాలాలు కబ్జాలతో ఇరుకైపోయి, నయీంనగర్ వైపు కాలనీలు మునిగాయి. జనాన్ని పడవల్లో బయటికి తెచ్చారు. 2023 జూలైలో మళ్లీ మునిగాం. చూసి కూడా శిఖంలో కట్టమనడానికి మనసెలా వచ్చింది?

అసలు వంద ఎకరాలు ఎందుకు? ఎనిమిది లేన్ల 400 మీటర్ల ట్రాక్ దాదాపు నాలుగు ఎకరాల్లో పడుతుంది. చిన్న గ్యాలరీ, బట్టలు మార్చుకునే గదులు, ఆడపిల్లలకు శుభ్రమైన బాత్రూమ్‌లు, కబడ్డీ, ఖోఖో కోర్టులు, అన్నీ కలిపి పది ఎకరాలు చాలు. పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం తెచ్చింది. ఆమె శిక్షణ కోసం హైదరాబాద్ పోవాల్సి వచ్చింది. మనకు కొరత ఉన్నది ఆ శిక్షణ దగ్గరే.

జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియాన్ని ఉన్నచోటే బాగుచేయాలి. కొత్తది వరంగల్ వైపు, కరీమాబాద్, రంగశాయిపేట, ఖిలా వరంగల్ పిల్లలు నడిచి వచ్చేంత దూరంలో కావాలి. ఎక్కడ కట్టాలో తేల్చే ముందు అక్కడికి పొద్దున మొదటి బస్సు ఎన్నింటికి వస్తుందో అడగాలి. నేను చెప్పిన ఆ అమ్మాయి కరీమాబాద్ నుంచే వస్తుంది, రోజూ వాళ్లమ్మ స్కూటీ మీద. ఏడింటికల్లా తిరిగిపోకపోతే వాళ్లమ్మకు పనికి ఆలస్యమవుతుంది. ఆ పది ఎకరాలు వాళ్ల వైపు వెతకండి.