మీ కొత్త టైరుకు ఎన్నో ఏడండీ?

పది రూపాయల మజ్జిగ ప్యాకెట్టు మీద తేదీ ఉంటుంది. దోమలబత్తి డబ్బా మీద ఉంటుంది. షాంపూ సాషే మీద కూడా, భూతద్దం పెడితే కనపడేట్టు, ఎక్కడో ఒక మూల ఉంటుంది. ఆన్‌లైన్‌లో అమ్మే బైకు టైరు పేజీలో మాత్రం ఉండదు. ఆడవాళ్ల వయసు, మగవాళ్ల జీతం అడగకూడదన్నారు పెద్దలు. ఆ వరసలో టైరును ఎవరు చేర్చారో గానీ, చేర్చి చాలా కాలమే అయినట్టుంది.

పేజీలో వివరాలకు లోటు లేదు. రంగు: నలుపు. గులాబీ టైరు కోసం వచ్చినవాళ్లు ఆశపడకుండా ముందే చెప్పేశారు. పదార్థం: రబ్బరు. ఆకారం: గుండ్రం. ప్యాకెట్టులో ఏముంది: ఒక టైరు. పిన్‌కోడ్ కొడితే ఏ రోజు ఎన్నింటికల్లా వస్తుందో, ఇప్పుడే కొంటే ఎంత మిగులుతుందో, ఫలానా కార్డు మీద ఇంకెంత మిగులుతుందో, అన్నీ. పెళ్లిచూపుల్లో పిల్లవాడి ఎత్తు, ఉద్యోగం, సొంతిల్లు, అమెరికాలో ఉన్న బాబాయి, అన్నీ చెప్పి, వయసు దగ్గరకొచ్చేసరికి "ముందు కాఫీ తీసుకోండి" అన్నట్టు ఉంటుంది వ్యవహారం.

ఇందులో అన్యాయమేమీ లేదు, అంతా చట్టప్రకారమే. 2011 నాటి లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్‌లో ఆరో నియమం, పదో ఉపనియమం చూడండి. ప్యాకెట్టు మీద ఉండాల్సిన వివరాలన్నీ ఈ-కామర్స్ కంపెనీలు తెర మీదా చూపించాలని 2018 జనవరి 1 నుంచి రూలు. అన్నీ అంటే అన్నీ. తయారైన లేదా ప్యాక్ చేసిన నెల, సంవత్సరం మినహా! ఆ 'మినహా'కు ఏ గోదాము గుమ్మంలోనో చిన్న గుడి కట్టి, శుక్రవారం శుక్రవారం గుమ్మడికాయ కొట్టినా రుణం తీరదు.

ఎందుకు మినహాయించారయ్యా అంటే, గోదాములో ఒకే పేజీ కింద పది బ్యాచ్‌ల సరుకు కలిసి ఉంటుంది, ఎవరికి ఏది వెళ్తుందో ముందే చెప్పలేం అంటారు. సబ్బుబిళ్లకైతే ఒప్పుకుందాం. నిరుడు చేసిన సబ్బుతో ఒళ్లు తోముకుంటే ఎవరూ ఫ్లైఓవర్ మీద జారిపడరు.

తమాషా ఏమిటంటే, టైరుకు ఏ దాపరికమూ లేదు. పక్కగోడ మీద, కోడిగుడ్డు ఆకారంలో గీసిన గడిలోనో, డీఓటీ అనే అక్షరాల వరస చివరో, నాలుగంకెలు పోతపోసి ఉంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 4720 అని ఉంటే 2020లో 47వ వారం. అంటే నవంబర్ మూడో వారం, హైదరాబాద్‌లో గ్రేటర్ ఎన్నికల హడావుడి మొదలైన రోజులు. అది స్టిక్కరు కాదు పీకేయడానికి, సిరా కాదు తుడిచేయడానికి. టైరు తన జాతకం ఒంటి మీద పచ్చబొట్టు పొడిపించుకునే పుట్టింది. దాన్ని ఫొటో తీసేవాడు మాత్రం ఎప్పుడూ రెండో వైపు నుంచే తీస్తాడు.

సరే, అడిగి చూడండి. యాప్‌లో సహాయం అని ఒక బుడగ ఉంటుంది.

"ఈ టైరు ఏ సంవత్సరంలో తయారైందండీ?"

"మీతో మాట్లాడటం మాకు సంతోషం. మీ ఆర్డర్ నంబర్ ఇవ్వగలరా?"

"ఇంకా ఆర్డర్ చేయలేదు. తేదీ తెలిస్తే చేద్దామని."

"మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం. మీ ఆర్డర్ బుధవారం లోపు అందుతుంది."

ఇంత భరోసాగా మాట్లాడే జ్యోతిష్కుడు మన పంచాంగాల్లో కూడా లేడు.

అభిప్రాయాల సంగతి సరేసరి. అయిదు నక్షత్రాలు ఇచ్చినవాళ్లలో ఒకాయన "ప్యాకింగ్ బాగుంది" అంటాడు. ఇంకొకాయన "డెలివరీ కుర్రాడు మర్యాదస్తుడు" అంటాడు. మూడో ఆయన "సూపర్ టైరు, ఇంకా బిగించలేదు" అంటాడు. ఒక్క నక్షత్రం ఇచ్చిన పాపాత్ముడు ఒకడుంటాడు, చదవాల్సింది వాడినే. "4 ఏళ్ల పాతది పంపారు" అని పొడిగా రాసి ఉంటాడు. దాని కింద అమ్మకందారు జవాబు: "ధన్యవాదాలు సార్, మళ్లీ కొనండి."

సైజు దగ్గర కూడా ఉదారత ఎక్కువే. 'అన్ని బైకులకూ సరిపోతుంది' అని రాసిన పేజీ కనిపిస్తే నమస్కారం పెట్టి మూసేయండి. 100/90-17 55పి అంటే 100 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 90 శాతం ఎత్తు, 17 అంగుళాల రిమ్ము, 55 అంటే 218 కిలోల బరువు, పి అంటే గంటకు 150 కిలోమీటర్ల వేగం దాకా. ఆ గీత స్థానంలో ఆర్ అనే అక్షరముంటే అది రేడియల్, వేరే జాతి. టీఎల్ అంటే ట్యూబ్‌లెస్, టీటీ అంటే ట్యూబు వేయాల్సింది. మామూలు పుల్లల చక్రం ఉన్న బండికి ట్యూబ్‌లెస్ టైరు కొన్నా లోపల ట్యూబు పడాల్సిందే, పుల్లల రంధ్రాల్లోంచి గాలి ఆగదు కాబట్టి. లావు టైరు వేస్తే బండికి హుందాతనం వస్తుందని 100 ఉన్నచోట 130 తెప్పించేవాళ్లున్నారు. ఇరుకు రిమ్ము మీద అది పూరీలా ఉబ్బి, ఒక పక్క చైనును, ఇంకో పక్క బ్రేకు రాడ్డును పలకరిస్తుంది. హుందాతనం మాట దేవుడెరుగు.

ఇక తగ్గింపు. సగానికి సగం కొట్టేసి, పాత ధర మీద ఎర్ర గీత గీసి, పక్కన బాణసంచా. 2025 సెప్టెంబర్ 22న టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగినప్పుడు 'పన్ను లాభం మొత్తం మీకే' అని మరో పట్టీ కట్టారు. ఆ టైరు మాత్రం 28 శాతం రోజుల్లోనే పుట్టి, పెరిగి, గోదాములో పెద్దమనిషి అయింది.

పాతదైతే ఏం, వాడలేదుగా అంటారు. పాతబడేకొద్దీ రుచి రావడానికి అదేమన్నా చింతకాయ పచ్చడా? రబ్బరు వాడినా వాడకపోయినా గాలికి, ఎండకు గట్టిపడుతూనే ఉంటుంది. నీడలో, సరిగా నిలబెట్టి దాచిన టైరుకు ఏడాది, ఏడాదిన్నర వయసుంటే కంగారేమీ లేదు. రేకుల షెడ్డులో, ఒకదాని మీద ఒకటి పేర్చి, నాలుగు వేసవులు ఉడికించిన దాని సంగతి వేరు. గాళ్ల అడుగున, పక్కగోడ మీద వెంట్రుకంత నెర్రెలు వస్తాయి. పైకి గాళ్లు నిండుగా, కొత్త పెళ్లికూతురిలా ఉంటుంది. గోరు గుచ్చితే దిగదు. పొడిరోడ్డు మీద తేడా తెలీదు. తొలకరి జల్లుకు, ఆయిలూ దుమ్మూ కలిసిన రోడ్డు మీద, ముందు బ్రేకు పట్టినప్పుడు తెలుస్తుంది. పేరున్న కంపెనీలే అయిదేళ్లు వాడిన టైరును ఏటా చూపించుకోమంటాయి. ఇక్కడ ఆ అయిదేళ్లూ అట్టపెట్టెలోనే అయిపోతున్నాయి.

బండి మీద అతను, వెనక భార్య, మధ్యలో ఒక పిల్ల, ట్యాంకు మీద ఇంకొకటి. వీళ్లందరినీ రోడ్డుకు పట్టి ఉంచేది రెండు అరచేతులంత రబ్బరు. కారుకు ఒక చక్రం జారితే ఇంకో మూడున్నాయి. బైకుకు ముందు చక్రం జారితే ఇంకేం లేదు, మోకాళ్లూ మొహమూ ఉన్నాయి. కంపెనీ బాబులూ, డెలివరీ కుర్రాడు ఏ మలుపులో ఎంతసేపు ఆగాడో మీకు తెలుసు. ఆ టైరు గోదాములో ఏ అరలో, ఏ నంబరు గడిలో ఉందో తెలుసు. లోపలికొచ్చేటప్పుడు ఒకసారి, బయటికెళ్లేటప్పుడు ఒకసారి ప్రతి సరుకునూ గీతల మిషను కింద పెడతారు. టైరు మీద పోతపోసిన నాలుగంకెలు చదివి పేజీలో పెట్టడానికి మాత్రం మీకు చేతకాదు! చేతకాక కాదు. పెడితే పాత సరుకు ఎవడూ కొనడు, అంతే. షాపువాడు వద్దనుకున్న సరుకు, వానలో పిల్లల్ని బడికి దింపే మనిషికి అంటగట్టడానికి ఇంత సాంకేతిక పరిజ్ఞానం కావాలా? సిగ్గుండాలి.

సరే. టైరు వచ్చింది.

వచ్చింది అంటే, ప్లాస్టిక్ పట్టీలతో నడుము బిగించి, రెండు అంచులూ ఒకదానికొకటి ముద్దుపెట్టుకునేట్టు నొక్కి, చాపలా చుట్టి పంపారు. వినియోగదారుడు గారు దాన్ని భుజానికి తగిలించుకుని వీధి చివర పంక్చర్ షాపుకు వెళ్తారు. ఊరు హైదరాబాద్ అనుకోండి. షాపాయన తల కూడా ఎత్తడు.

"ఆన్‌లైన్‌దా అన్నా?"

"అవును."

"మంచిగ దొరికిందా?"

"సగం రేటుకే."

ఆయన 'హూ' అంటాడు. ఆ ఒక్క అక్షరంలో ఉన్న విమర్శ పేజీలో నాలుగు వేల అభిప్రాయాల్లో లేదు. బిగింపు కూలికి పైన ఇంకో యాభై వేసుకుంటాడు. తన దగ్గర కొననందుకు జరిమానా అది. న్యాయమే.

మార్చేది వెనక టైరు కాబట్టి, మొదట బ్రేకు రాడ్డు నట్టు, బ్రేకు పళ్లెం తిరక్కుండా పట్టే టార్క్ రాడ్డు బోల్టు, తర్వాత యాక్సిల్ నట్టు ఊడదీస్తాడు. చక్రం బయటికొస్తుంది, దాంతో పాటు బుష్షు ఒకటి దొర్లుకుంటూ వెళ్లి కాలువ అంచున ఆగుతుంది. దాన్ని చూసుకోవాల్సింది మీరే. అది లేకుండా బిగిస్తే చక్రం ఒక పక్కకు ఒరుగుతుంది, బేరింగు నెల తిరక్కుండా అరుస్తుంది. ముందు చక్రం డిస్కు అయితే, చక్రం బయట ఉండగా బ్రేకు లీవరు జోలికి ఎవర్నీ పోనివ్వొద్దు. పక్కనున్న పిల్లాడు సరదాగా ఒక్కసారి నొక్కాడంటే ప్యాడ్లు దగ్గరికొచ్చేస్తాయి, మళ్లీ విడదీసేసరికి టీ చల్లారిపోతుంది.

వాల్వులో పిన్ను తీసి గాలి వదిలి, అంచు విడగొట్టడానికి టైరు మీద హవాయి చెప్పులతో ఎక్కి తొక్కుతాడు. డిస్కు ఉన్న చక్రమైతే, ఆ వైపు తొక్కబోతే చెయ్యి పట్టుకోండి. తర్వాత రెండు రాడ్లు. అల్లాయ్ రిమ్ము మీద గీతలు పడకుండా కింద పాత ట్యూబు ముక్క పెట్టమనండి. అడిగితే పెడతాడు, అడగకపోతే పెట్టడు. ఎక్కించేటప్పుడు బలం కన్నా కిటుకు ముఖ్యం. రాడ్డు వేసిన చోటుకు సరిగ్గా ఎదురుగా, టైరు అంచును రిమ్ము మధ్యలో ఉండే పల్లంలోకి మోకాలితో దించి ఉంచాలి. అలా ఉంచితే మామూలు చేతి బలంతో ఎక్కుతుంది. లేకపోతే సుత్తి వస్తుంది. సుత్తి వచ్చాక అంచులో ఉన్న తీగ తెగుతుంది, ఇక ఆ టైరు పూలకుండీకి పనికొస్తుంది. జారడానికి సబ్బునీళ్లు చాలు. ఇంజన్ ఆయిలు పూయబోతే వద్దనండి, అది రబ్బరును తినేస్తుంది. బాణం గుర్తు చక్రం తిరిగే వైపే ఉందా, పసుపు చుక్క ఉంటే వాల్వు దగ్గరికొచ్చిందా చూసుకోండి. వాల్వు కూడా ఈ చేత్తోనే మార్పించండి. రెండు టీల ఖర్చుకు పోయేదానికి మళ్లీ ఇంతా విప్పించుకోవడం దండగ.

ఇప్పుడు గాలి. కంప్రెసర్ బుర్రుమంటుంది, టైరు ఉబ్బదు. నొక్కి పంపిన అంచులు రిమ్ముకు అందవు. కొట్టిన గాలి కొట్టినట్టే సబ్బు బుడగలై బయటికొస్తుంది.

"ట్యూబ్ ఏసుకో అన్నా, టెన్షన్ ఉండదు."

వేయొద్దు, ఇది అల్లాయ్ చక్రం. ట్యూబ్‌లెస్‌లో ట్యూబు పెడితే వేడి పెరుగుతుంది, మేకు దిగితే నెమ్మదిగా దిగాల్సిన గాలి ఒక్కసారి పోతుంది. టైరును అరగంట ఎండలో పెట్టించండి. తర్వాత నడుము చుట్టూ తాడు కట్టి, తాడులో కర్ర దూర్చి మెలి తిప్పితే నడుము బిగిసి అంచులు బయటికి తెరుచుకుంటాయి. షాపాయన కర్ర తిప్పుతుంటాడు, కుర్రాడు గాలి పైపు పట్టుకుంటాడు, వినియోగదారుడు గారు తాడు జారకుండా రెండు చేతులా పట్టుకుని రోడ్డు పక్కన గొంతుక్కూర్చుంటారు. అటుగా పోయే ఆటో ఆగి సలహా ఇస్తుంది. ఇంటి గుమ్మం దాకా ఉచిత డెలివరీ అంటే ఇదే.

టప్. కాసేపటికి రెండో వైపు కూడా టప్. ఆ రెండు చప్పుళ్లూ 40 పీఎస్ఐ లోపే రావాలి. రాకపోతే గాలి పెంచడం కాదు, దించేసి మళ్లీ సబ్బునీళ్లు పూయడం. రిమ్ము పక్కన టైరు మీద సన్నటి గీత ఒకటుంటుంది, అది చుట్టూ సమానంగా కనపడితే సరిగ్గా కూర్చున్నట్టు. తర్వాత గాలి బండి మీద రాసిన లెక్కకు దించి, చైను బిగించే చోట రెండు పక్కల గుర్తులూ సమానంగా పెట్టి, టార్క్ రాడ్డు పిన్ను మర్చిపోకుండా వేయించండి. మర్చిపోయేది ఎప్పుడూ అదే.

షాపాయన చేతులు తుడుచుకుంటూ పక్కన పడేసిన పాత టైరును కాలితో తిప్పుతాడు. మూడేళ్లు ఊరంతా తిరిగి, నడిమి గాళ్లు అరిగిన టైరు. ఎండకు కళ్లు చికిలించి పక్కగోడ చదువుతాడు.

"1122. ఇరవై రెండుల హోలీ పండుగ నాటిది."

తర్వాత వంగి, ఇప్పుడే బిగించిన కొత్త దాని మీద చైను వైపు గ్రీజు మరకను బొటనవేలితో తుడుస్తాడు.

"4720."

బిగించిన టైరు వాపసు తీసుకోబడదని పేజీ అడుగున చిన్న అక్షరాల్లో రాసే ఉంది. తేదీ రాయడానికి లేని చోటు దానికి దొరికింది.

"తమ్ముణ్ణి పడేసి అన్నను కొనుక్కొచ్చినవ్ కదన్నా" అంటాడు షాపాయన. "పాతది తీస్కపోతవా, నన్ను ఉంచుకోమంటవా? ఇంకా ఆర్నెల్లు నడుస్తది ఇది."