మళ్ళీ వచ్చిందా ఆ సైన్స్ ఫెయిర్ మెసేజ్?

ఆదివారం పొద్దున ఫోన్ తీస్తే మా 1994 టెన్త్ బ్యాచ్ గ్రూపులో మళ్ళీ అదే. మొన్న మా బావమరిది పంపాడు. అంతకుముందు కాలనీ గ్రూపులో వచ్చింది. "సైన్స్ ఫెయిర్ల పేరుతో మీ పిల్లల చదువు ఎలా నాశనమవుతోందో తెలుసా? తప్పక చదవండి" అని పైన హెడ్డింగు, పక్కన రెండు సైరన్ బొమ్మలు, కింద ఏడు పాయింట్లు, ఆఖర్న "పది మందికి పంపండి". రాసిందెవరో పేరు లేదు. "ఒక విద్యావేత్త ఆవేదన" అట.

నేను సర్కారు బడిలో ఫిజికల్ సైన్స్ చెప్పుకునే వాణ్ణి. మూడుసార్లు చూసి ఊరుకున్నాను. ఈసారి మావాడొకడు నన్ను ట్యాగ్ చేసి "ఏం సారూ, నిజమేనా?" అని నవ్వు బొమ్మ పెట్టాడు. సరే, నిజమెంతో చూద్దాం.

తేలికవి ముందు తీసేస్తాను. ఏడో పాయింటు: థర్మోకోల్‌తో పర్యావరణం పాడవుతోంది. నిజమే, మానేద్దాం, కిరాణా కొట్టు అట్టపెట్టెలు బోలెడున్నాయి.

ఒకటో పాయింటు: "విదేశాల్లో ఈ ప్రదర్శనల గోల ఉండదు, అందుకే వాళ్ళు బాగుపడ్డారు." అమెరికాలో హైస్కూలు పిల్లలకి సైన్స్ టాలెంట్ సెర్చ్ 1942 నుంచి జరుగుతోంది. అంతర్జాతీయ ప్రదర్శనగా ఎదిగిన వాళ్ళ సైన్స్ ఫెయిర్ 1950లో మొదలైంది. ఐర్లండ్‌లో 1965 నుంచి ఏటా పెడుతున్నారు. ఈ విద్యావేత్త చూసిన విదేశం ఏదో మరి.

రెండో పాయింటు: పిల్లల సైన్స్ ఆలోచనలకి కేంద్రం డబ్బిచ్చే ఇన్‌స్పైర్ పథకం కింద వచ్చే పది వేలు టీచర్లు మింగేస్తున్నారట. అయ్యా, ఆ డబ్బు నేరుగా పిల్ల ఖాతాలో పడుతుంది. ఆ ఖాతా తెరిపించడానికి తిరిగిన తిరుగుడు నాకు తెలుసు. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటే బడి రికార్డులో వెనక, పుట్టిన తేదీ రెండింట్లో రెండు రకాలు. బ్యాంకుకి నాలుగుసార్లు వెళ్ళాను, పెట్రోలు నాదే. మింగడానికి అందులో ఏం మిగిలిందో చెబితే వచ్చే ఏడు నుంచి ప్రయత్నిస్తాను.

ఇక నాలుగోది. మిగతావన్నీ నవ్వి వదిలేయొచ్చు గానీ దీన్ని వదలను. ఉన్నదున్నట్టు దింపుతున్నాను: "సైన్స్ అందరికీ వచ్చేది కాదు. షార్ప్ పిల్లలకి ఆరో క్లాసు నుంచి ఫౌండేషన్ కోచింగ్ ఇస్తే చాలు. మామూలు పిల్లల్ని, ముఖ్యంగా పల్లెటూరి పిల్లల్ని ప్రాజెక్టులంటూ తిప్పితే వచ్చే నాలుగు మార్కులూ పోతాయి."

షార్ప్ అని తేల్చడానికి ఏదైనా మిషన్ కనిపెట్టారా? థర్మామీటర్ లాగా చంకలో పెడితే చెప్పేస్తుందా? మా అక్క కొడుకు ఫౌండేషన్ బ్యాచే. ఓమ్ నియమం మీద బిట్లు ఇస్తే చకచకా పెట్టేస్తాడు. దసరాకి వచ్చినప్పుడు టార్చిలైటు బల్బు ఒకటి, బ్యాటరీ ఒకటి, ఒకే ఒక్క వైరు ముక్క ఇచ్చి వెలిగించరా అన్నాను. అరగంట కుస్తీ పట్టి "మామయ్యా, ఇంకో వైరు కావాలి" అన్నాడు. అక్కర్లేదు. వాడి తప్పేం లేదు, బల్బు చేతికిచ్చినవాడు అంతవరకూ లేడు. మా బళ్ళో సి గ్రేడు దాటని పిల్లాడు, వాళ్ళ నాన్న మోటార్లు రిపేరు చేస్తాడు, రెండు నిమిషాల్లో వెలిగించాడు. ఎవరు షార్పో మెసేజ్ రాసినాయన తేల్చాలి.

2019 డిసెంబర్ 26న సూర్యగ్రహణం వచ్చింది గుర్తుందా? మనకి పాక్షికమే, పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా. క్రిస్మస్ మర్నాడు కాబట్టి బడికి సెలవు. ఇష్టమున్నవాళ్ళు రండి అన్నాను. నూట నలభై మందిలో పదకొండు మంది వచ్చారు. మిగతావాళ్ళని ఇళ్ళల్లో తలుపులు వేసి కూర్చోబెట్టారు. అట్టకి సూదితో బెజ్జం పెట్టి, కాగితం మీద సూర్యుడి బొమ్మ పడేట్టు చూపిస్తున్నాను. పిల్లలంతా నా అట్ట చుట్టూ ఉంటే ఏడో తరగతి అమ్మాయి ఒకతె అటు తిరిగి వేపచెట్టు కింద నేలని చూస్తోంది. ఏంటమ్మా అంటే "సార్, నీడలో అన్నీ కొడవళ్ళే" అంది. చూద్దుము కదా, ఆకుల సందుల్లోంచి పడ్డ వెలుగు మచ్చలన్నీ నెలవంకలే. ఒక్కో సందూ ఒక్కో సూది బెజ్జం. వాటి కోసం చూడాలని నాకు తట్టలేదు, ఆ పిల్లకి తట్టింది. ఆ అమ్మాయికి సైన్స్‌లో ఎప్పుడూ ముప్పై ఐదు దాటలేదు. గ్రహణం విడవకముందే పరుగెత్తి వెళ్ళి వాళ్ళ నాయనమ్మని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. ఆ ముసలమ్మ కొంగు తలమీద కప్పుకుని నేలకేసి చూసి "ఇదేందిరా అయ్యా" అంది.

ఆ పిల్ల సైంటిస్టు అయిందా అని అడుగుతారేమో. కాలేదు. నర్సింగ్ చదువుతోంది. దాంతో మీకేం నష్టం?

పల్లెటూరి పిల్లలు ప్రయోగాలు చేయలేరనే మాట మనవాళ్ళు కొత్తగా కనిపెట్టింది కూడా కాదు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో పదహారు పల్లె బళ్ళతో ఒక కార్యక్రమం మొదలైంది. కిట్టు పెట్టె ఒకటి, పిల్లలు గుంపులుగా కూర్చుని ప్రయోగం చేసి ఏం చూశారో రాసుకోవడం, పరీక్షలో పుస్తకం పక్కనే ఉండటం. ఢిల్లీ యూనివర్సిటీ నుంచీ, బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ నుంచీ శాస్త్రవేత్తలు వచ్చి పల్లె టీచర్లతో కలిసి కూర్చున్నారు. 2002లో అక్కడి ప్రభుత్వం ఆపేసే నాటికి అది వెయ్యి బళ్ళ దాకా పాకింది. ముప్పై ఏళ్ళు నడిచింది మరి, అక్కడి పిల్లలంతా షార్ప్ పిల్లలేనా?

ఇంకా వెనక్కి వెళ్దాం. 1812లో లండన్‌లో పుస్తకాలు కుట్టే కొట్లో పనిచేసే ఇరవై ఏళ్ళ కుర్రాడికి, కొట్టుకొచ్చే పెద్దమనిషి ఒకాయన జనం కోసం పెట్టే సైన్స్ ఉపన్యాసాలకి టికెట్లు ఇచ్చాడు. బడి చదువు అంతంత మాత్రమే ఆ కుర్రాడికి. విన్నదంతా రాసుకుని, తానే బైండు చేసి, ఉపన్యాసం ఇచ్చిన హంఫ్రీ డేవీకి పంపాడు. మరుసటేడు ఆయన ల్యాబులో సహాయకుడిగా చేరాడు. పేరు మైకేల్ ఫారడే, అయస్కాంతంతో కరెంటు పుట్టించవచ్చని చూపించినాయన. మన విద్యావేత్త ఆ వేళ గేటు దగ్గర ఉంటే "బాబూ, నీకు ఫౌండేషన్ లేదు" అని వెనక్కి పంపేవాడు. ఇప్పుడు ఈ మెసేజ్ పంపడానికి ఫోన్ చార్జింగ్ ఎక్కడ పెట్టేవాడో!

ఆరో పాయింటు: అన్నీ యూట్యూబులో ఉన్నాయి, జనానికి సైన్స్ చెప్పే జన విజ్ఞాన వేదికలు, ఊరూరా తిరిగే జాతాలు, సంచార ప్రయోగశాలలు ఇంకెందుకని. ఉన్నాయి, కాదనను. గ్రహణం రోజు అన్నం తినకూడదని చెప్పే వీడియోలూ అక్కడే ఉన్నాయి, చూసేవాళ్ళు వాటికే ఎక్కువ. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన మీదుగానే వెళ్ళింది. ఉస్మానియా వాళ్ళ జపాల్-రంగాపూర్ టెలిస్కోపు సరిగ్గా ఆ దారిలోనే ఉంది. ఊళ్ళలో మాత్రం మధ్యాహ్నం పూట వీధుల్లో కుక్క కూడా లేదని మా అమ్మ చెబుతుంది. నన్ను చంకనేసుకుని తలుపు గడియ పెట్టుకుందట. పదిహేనేళ్ళ తర్వాత, 1995 అక్టోబర్‌లో, ఉత్తరాదిలో సంపూర్ణ గ్రహణం వస్తే జనం ఫిల్టర్ అద్దాలు కొనుక్కుని బయటికొచ్చారు. మధ్యలో యూట్యూబ్ ఏమీ రాలేదు. 1987లో దేశమంతా జన విజ్ఞాన జాతా తిరిగింది, మరుసటేడు మన దగ్గర వేదిక పుట్టింది, ఊరూరా ఎవరో ఒక టీచరు సంచి తగిలించుకుని తిరిగాడు. ఆ 1995లోనే, గ్రహణానికి నెల ముందు, వినాయకుడు పాలు తాగాడని దేశం క్యూ కట్టింది. ఢిల్లీలో శాస్త్రవేత్తలు పాలల్లో రంగు కలిపి అవి ఎటు జారుతున్నాయో జనం ఎదుటే చూపించారు. తలతన్యత అని పుస్తకంలో ఉన్న మాట గుడి మెట్ల మీద కనపడింది. ఇప్పటికీ కుప్పంలోని అగస్త్య ఫౌండేషన్ వాళ్ళు ల్యాబు సామాను బండికెత్తుకుని ఊళ్ళకి పోతున్నారు. ఫోనులో లెన్సు కనిపిస్తుంది, ఎండలో కాగితం కాలుతుంటే వచ్చే వాసన రాదు.

ఇక మూడు, ఐదు మిగిలాయి. మోడళ్ళు షాపుల్లో కొంటున్నారు, ఉత్తమ టీచర్ అవార్డులు పలుకుబడి ఉన్నవాళ్ళకే పోతున్నాయి. ఇక్కడ నేను పోట్లాడతానని మా బ్యాచ్ వాళ్ళు ఎదురు చూస్తుంటారు. పోట్లాడను. చాలావరకు నిజం.

2011లో మా బడి నుంచి జిల్లా స్థాయికి వెళ్ళిన ఇంకుడు గుంత మోడల్ నేను కొన్నదే. పద్దెనిమిది వందలు. ఇద్దరు పిల్లలకి నాలుగు ముక్కలు బట్టీ పట్టించాను. రెండో బహుమతి వచ్చింది, శాలువా నాకు వేశారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో వాళ్ళలో ఒకడు అడిగాడు, "సార్, ఇందులో నీళ్ళు నిజంగా ఇంకుతాయా?" అని. మేం పోసి చూడలేదు. అట్ట తడిసిపోతుందని నేనే పోయనివ్వలేదు.

ఆ తర్వాత నేను బాలల సైన్స్ కాంగ్రెస్ వైపు మళ్ళాను. 1993 నుంచీ ఉంది అది. అక్కడ కొన్న మోడల్ పనికిరాదు, ఇద్దరు పిల్లలు తమ ఊరి సమస్య ఒకటి తీసుకుని కొలతలు, లెక్కలు రాసుకెళ్ళాలి. మా పిల్లలు బకెట్టూ వాచీ పట్టుకుని వీధి కుళాయిల్లో కారిపోయే నీళ్ళు కొలిచారు. జిల్లా దాటలేదు. సర్పంచి మాత్రం రెండు కుళాయిలకి తలలు బిగించాడు. మూడోది ఇప్పటికీ కారుతోంది.

అవార్డుల సంగతి. కేంద్రం 1958 నుంచి ఇస్తున్న జాతీయ అవార్డుల్ని మూడు వందలకు పైగా ఉన్నవాటిని 2018లో 45కి దించింది, ఎవరికి వారే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోమంది. సిఫారసులు తగ్గించడానికే అది. కానీ మా పక్క మండలంలో సిరంజీలు, సైకిల్ ట్యూబులతో హైడ్రాలిక్స్, అంటే ద్రవాల ఒత్తిడితో పని చేయించే పాఠం, మొత్తం చెప్పిన మేడమ్ ఒకావిడ ఉండేది. అప్లై చేయలేదేం అంటే "నేను ఉత్తమురాలినని నేనే రాసుకోవాలా?" అంది. అలాగే రిటైరైంది. మండలంలో, జిల్లాలో అయితే ఫైలు ఎంత లావుంటే అంత ఉత్తమం. ఫొటోలు, పేపర్ కటింగులు, లామినేషన్. అమెరికాలో 1983 నుంచి సైన్స్, లెక్కల టీచర్లకి అధ్యక్షుడి పేరుతో ఇచ్చే అవార్డుకి తరగతిలో పాఠం చెబుతున్న వీడియో పంపాలి. మన దగ్గర నా పాఠం చూసి అవార్డుకి పేరు రాసుకున్నవాళ్ళని ఇంతవరకూ నేను ఎరగను.

అందుకని అవార్డులు ఎత్తేయాలా? బియ్యంలో రాళ్ళున్నాయని వంట మానేస్తామా? హోషంగాబాద్‌లో శాలువాలు కప్పలేదు. బాగా చెప్పే టీచరుని పిలిచి, పక్క బళ్ళ టీచర్లకి నేర్పమన్నారు, పాఠం తిరగరాసేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆ మేడమ్‌ని అలా పిలిచి ఉంటే కాదనేది కాదు.

ఇదంతా గ్రూపులో పెట్టి పడుకున్నాను. రెండు నమస్కారాలు, ఒక బొటనవేలు వచ్చాయి. పొద్దున్నే ఫోను. ట్యాగ్ చేసినవాడే.

"ఒరేయ్, మా పాప స్కూల్లో శనివారం సైన్స్ ఎక్స్‌పో అటరా. షాపువాడు రెండు వేలు చెబుతున్నాడు. ఏదైనా మంచి మోడల్ చెప్పరా."

పాపని తీసుకుని సాయంత్రం రమ్మన్నాను. సూదుల్లేని సిరంజీలు రెండు, సెలైన్ ట్యూబు ఒక మూర పట్టుకురమ్మన్నాను.

"థర్మోకోల్ తేవాలా?" అన్నాడు.