ఫ్యూయల్ ఆల్టర్డ్ క్లాసు గారికి, ఏడు సెకన్ల బాకీ గురించి

నైట్రోమీథేన్ అనే ఇంధనం తాగి, తిన్నటి ట్రాక్ మీద డ్రాగ్ రేసులు పరుగెత్తే పొట్టి కార్ల జాతి, మహారాజశ్రీ డబుల్ ఏ ఫ్యూయల్ ఆల్టర్డ్ క్లాసు గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమంగా లేను. మెడ వెనక చర్మం పొరలు పొరలుగా ఊడుతోంది, కుడి చెవిలో శనివారం నుంచి ఒక కీచురాయి కాపురం పెట్టింది, మా ఆవిడ పొడిపొడిగా మాట్లాడుతోంది. మీరు మాత్రం క్షేమమని నాకు తెలుసు. శనివారం సాయంత్రం మీ వాళ్ళు మిమ్మల్ని బాలింతని ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నంత భద్రంగా తోసుకుంటూ వెళ్ళి ట్రైలర్ ఎక్కించడం ఈ కళ్ళతోనే చూశాను.

విషయానికొస్తాను. తెల్లవారుజామున 4 గంటలకి కాలిఫోర్నియాలో మా ఊరు ఫ్రీమాంట్‌లో బయల్దేరి, పులిహోర డబ్బా పక్క సీట్లో పెట్టుకుని, సెంట్రల్ వ్యాలీ బాదం తోటల మధ్య నుంచి పడి వచ్చి, 9 కల్లా మీ గేటు దగ్గరున్నాను. ఏ స్ట్రిప్పో, అంటే ఏ డ్రాగ్ రేసు ట్రాకో, చెప్పను, వాళ్ళ పరువు తీసి నేను బాగుపడేది లేదు. టికెట్ ధర గురించి ఏమీ అనను. పార్కింగ్ పేరుతో దుక్కి దున్నినట్టున్న చోట కారు పెట్టించి దానికి వేరే డబ్బులు తీసుకున్నారు, అదీ అనను. పులిహోర లోపలికి రానివ్వలేదు. దాని గురించి ఇంకెప్పుడైనా వేరే ఉత్తరం రాస్తాను, అది మీతో తేలే సంగతి కాదు.

11 గంటలకి మీరొస్తారన్నారు. 11కి గ్యాసర్లు, అంటే పెట్రోలుతో పరుగెత్తే పాతకాలం రేసు కార్లు, వచ్చాయి, ముక్కులు పైకెత్తుకుని. సరే, వాటి అందం వాటిది, ఆ పాత విల్లీస్ కూపేలంటే నాకూ ముద్దే. 12కి మీరన్నారు. 12 దాటాక ఎవడో ట్రాక్ పొడవునా ఆయిల్ కార్చుకుంటూ పోయాడు. దాన్ని శుభ్రం చెయ్యడానికి గంటన్నర. పొడి చల్లడం, ఊడవడం, మళ్ళీ చల్లడం... సంక్రాంతికి వాకిలి కూడా అంత శ్రద్ధగా ఎవరూ ఊడవరు. మైకులో ఆయన "ఇంకో పది నిమిషాల్లో" అన్నాడు. చిన్నప్పుడు బస్టాండుల్లో గంటలు గంటలు కూర్చున్నవాణ్ణి, ఆ పది నిమిషాలంటే ఏమిటో నాకు తెలుసు. అయినా నమ్మాను, చూశారా, అదీ నా ఖర్మ.

5 గంటల 20 నిమిషాలకి వచ్చారు.

అబ్బ, ఆ రావడం మాత్రం వచ్చారండీ. బొమ్మ కారంత బాడీ, దాని ముందు బాడీ కన్నా పెద్ద ఇంజిన్, ఆ ఇంజిన్ మీద గాలిని లోపలికి కూరే బ్లోయర్, అటు నాలుగు ఇటు నాలుగు గొట్టాలు ఆకాశంకేసి. స్టార్టర్ పెట్టి తిప్పారు. దాన్ని చప్పుడు అనకూడదు. ఎవరో గుండెల మీద అరచేత్తో చరుస్తున్నట్టుంది. నైట్రో ఘాటు వచ్చింది, ఎండుమిరపకాయలు పోపులో మాడితే వంటింట్లోంచి పరుగెత్తుకొస్తామే, సరిగ్గా అలాగే, స్టాండ్‌లో ఉన్న వెయ్యిమందీ దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుతూ. కుడివైపు మూడో గొట్టం నుంచి సాంబ్రాణి పొగలా తెల్లగా ఏదో మెలికలు తిరుగుతూ పైకి లేస్తోంది, ఎంత బాగుందో అనుకుని ఫోన్ అటే జూమ్ చేశాను. టైర్లు వేడెక్కడానికి వాటిని గిర్రున తిప్పి బర్నవుట్ చేశారు. పొగలో సగం ట్రాక్ మాయం. వెనక్కి వచ్చారు. హెల్మెట్ ఒకసారి అటూ ఇటూ కదిలింది. నేను ఊపిరి బిగబట్టాను.

అప్పుడు తెల్ల టీషర్టు వేసుకున్న ఒకాయన మీ ముందుకొచ్చి నిలబడి, గొట్టం వైపు చూసి, చేతి వేలు తన మెడ మీద ఇటు నుంచి అటు గీశాడు.

అంతే. ఇంజిన్ ఆగింది. మిమ్మల్ని తోసుకుంటూ వెళ్ళిపోయారు.

8 గంటల 20 నిమిషాలు ఎండలో ఇనపబల్ల మీద కూర్చున్న మనిషిని ఒక్క వేలితో ఇంటికి పంపేశారండీ! తీర్థానికి పోయి, రథం ముందు కొబ్బరికాయ కొట్టి, మోకు చేత పట్టుకున్నాక, స్వామివారికి ఒంట్లో నలతగా ఉంది, మళ్ళీ ఏడాది రండి అన్నట్టుంది. ఆదివారం పొద్దున పళ్ళు తోముకుంటూ అద్దం ముందు నేనే ఆ సైగ చేసి చూసుకున్నాను. సోమవారం మీటింగ్‌లో మా మేనేజర్ ఏదో ఫీచర్ వద్దని చెప్పడానికి అదే సైగ చేస్తే లేచి బయటికొచ్చేశాను. కాఫీకనుకున్నారు.

ఇంతకీ మీకు ఆగిపోవడం ఎప్పుడు అలవాటైంది? మీ ప్రవర నాకు తెలియదనుకుంటున్నారేమో. వింగ్డ్ ఎక్స్‌ప్రెస్ మీ ఇంటిది కాదూ? ఆల్ మార్సెలస్, విల్లీ బోర్ష్ ఇద్దరూ కలిసి 1923 ఫోర్డ్ టీ రోడ్‌స్టర్ బాడీలో హెమీ ఇంజిన్ కుక్కి, డ్రైవర్ నెత్తి మీద పందిరిలా ఒక రెక్క కట్టి వదిలిన కారు. డ్రాగ్‌స్టర్లు ఏటికేడు వెదురు గడల్లా పొడుగవుతూ తిన్నగా పోవడం నేర్చుకుంటుంటే, మీరేమో ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య రెండు అంగల దూరం, మధ్యలో అంత బరువు, డ్రైవరేమో ఎక్కడో వెనక ఇరుసు మీద. కొత్తగా కాడి కట్టిన కోడె తిన్నగా నడుస్తుందా? వైల్డ్ విల్లీ అని ఊరికే అనలేదు ఆయన్ని. ఒక చెయ్యి స్టీరింగ్ మీద, రెండో చెయ్యి కారు బాడీ అంచు పట్టుకుని, రైలు ఫుట్‌బోర్డ్ మీద వేలాడే కుర్రాడిలా పోయేవాడు. ఆ ఒంటి చేత్తోనే 1967లో ఆల్టర్డ్‌లో గంటకి 200 మైళ్ళు దాటాడు, ఆ క్లాసులో అదే మొదటిసారి. ఫొటోల్లో చూస్తే కారు ఒక దిక్కు, ముందు చక్రాలు ఇంకో దిక్కు.

ఆ రిచ్ గ్వాస్కోని చూడండి. 1961లో ఓక్‌లాండ్ షోలో అమెరికాలోకెల్లా అందమైన రోడ్‌స్టర్ అని కప్పు కొట్టిన మనిషి, అద్దంలా తుడుచుకుని ఇంట్లో కూర్చోవచ్చు కదా, పోయి ప్యూర్ హెల్ అనే ఆల్టర్డ్ కట్టాడు. పేరే నరకం. దాన్ని నడిపిన డేల్ ఎమెరీ అంటే నాకు విల్లీ కన్నా ఒక పిసరు ఎక్కువ ఇష్టం, ఎవరితోనూ అనకండి. విల్లీది ధైర్యం, ఎమెరీది పని తెలిసిన ధైర్యం. తర్వాత బ్లూ మ్యాక్స్ అనే ఫన్నీ కారుకి (ఆ జాతి సంగతి కింద చెప్తాను) క్రూ చీఫ్, అంటే మెకానిక్కుల పెద్ద, అయింది ఆయనే. నరకానికి జవాబుగా లియాన్ ఫిట్జెరాల్డ్ ప్యూర్ హెవెన్ తెచ్చాడు. డేవ్ హఫ్ నానూక్ తెచ్చాడు. ఇంకెవరో కారుకి ఎలుకల బోనని పేరు పెట్టారు. ఇన్ని పేర్లలో ఒక్కటి, ఒక్కటైనా, "కాసేపు ఆగుదాం" అన్నట్టుందా?

ఇవన్నీ నేను చూడలేదు. 1998లో సూట్‌కేసుతో దిగినవాణ్ణి, మీ మహర్దశ నాకెక్కడిది? మా ఫ్రీమాంట్‌లో ఉన్న స్ట్రిప్ కూడా నేను రావడానికి పదేళ్ళ ముందే, 1988లోనే మూతపడింది. ఇవన్నీ నాకు ఎక్కించింది మా పక్కింటి పెద్దాయన. 80కి దగ్గర పడ్డాడు. లాంగ్ బీచ్ పక్కన విల్మింగ్టన్ దగ్గర పెరిగాడు, లయన్స్ స్ట్రిప్‌కి సైకిలు మీద పోయేవాడట. లయన్స్ అంటే ఆ లయన్స్ క్లబ్బే. మన దగ్గర కంటి శిబిరాలు పెడితే, అక్కడ వాళ్ళు 1955లో చెవులకి శిబిరం పెట్టారన్నమాట. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు చప్పుడు భరించలేమని పోరగా పోరగా 1972 డిసెంబర్ 2న ఆఖరి రేసు పెట్టి మూసేశారు. ఆ రాత్రి పెద్దాయన అక్కడే ఉన్నాడు. కంచె తడికె చిన్న ముక్క కత్తిరించి తెచ్చుకున్నాడు, ఇప్పటికీ గరాజ్‌లో మేకుకి వేలాడుతుంటుంది.

అప్పటికే మీ పని అయిపోవచ్చింది. ఫన్నీ కార్లు వచ్చాయి, షోరూమ్‌లో కారులా కనిపించే ఫైబర్ చొక్కా తొడుక్కుని, ఆ చొక్కా మీద కంపెనీల పేర్లు రాసుకోవడానికి బోలెడు చోటుతో. చివరికి విల్లీ కూడా చార్జర్ బాడీ ఫన్నీ కారు ఎక్కాడు. అప్పుడు మీకు ఏడుపొచ్చిందో లేదో నాకు తెలియదు కానీ, పెద్దాయన ఆ మాటొస్తే ఇప్పటికీ టాపిక్ మార్చేస్తాడు.

శనివారం ఆయనా రావాల్సింది. మోకాలు ఆపరేషన్ అయి నెల కాలేదు. "నువ్వు పోయి ఒక్క రన్ వీడియో తీసుకురా, బొమ్మ సరిగ్గా రాకపోయినా పర్లేదు, చప్పుడు చాలు" అన్నాడు. నేను తెస్తానన్నాను. మాటిచ్చాను. ఆయనకి మాటిచ్చానయ్యా! ఒక ముసలాయన సోఫాలో కాలు చాపుకుని పొద్దుటి నుంచి ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చున్నాడు, ఆరేడు సెకన్ల పని, ఆ ఆరేడు సెకన్లు పరుగెత్తడానికి నీకు చేతకాలేదా? పక్కకి పో, గోడ వైపు పో, నీ వంశాచారం ప్రకారం అడ్డదిడ్డంగా పో, ఎవరొద్దన్నారు? ఒంటి చేత్తో పోయినవాళ్ళ పేరు చెప్పుకుని టికెట్లు అమ్ముకుంటూ, వేలు చూపించగానే పెళ్ళిచూపుల్లో పిల్లలా తలొంచుకుని వెనక్కి పోతావా?

క్షమించాలి. కోపంలో ఏకవచనం వచ్చేసింది. అయినా వచ్చింది వచ్చింది, ఇక అలాగే ఉండనీ.

ఆదివారం సాయంత్రం వీడియో పట్టుకుని, మొహం వేలాడేసుకుని ఆయన ఇంటికి వెళ్ళాను. స్టార్టర్ తిప్పడం దగ్గర్నుంచి మెడ మీద గీత దాకా అంతా కలిపి నిమిషం కూడా లేదు. నేను తిట్లు మొదలుపెట్టేలోపే చెయ్యెత్తి ఆపాడు. వెనక్కి తిప్పమన్నాడు. నేను ముచ్చటపడి జూమ్ చేసిన చోట ఆపి, కుడివైపు మూడో గొట్టం మీద వేలు పెట్టాడు.

"ఇదేమిటి?"

"పొగ."

"పొగ కాదు. మండని నైట్రో. ఆ సిలిండర్ చచ్చిపోయింది. నైట్రో తన ఆక్సిజన్ తనే మోసుకొస్తుంది కాబట్టి పెట్రోలుకి ఎన్నో రెట్లు పోస్తారు లోపలికి. అది మండకపోతే సిలిండర్ నిండిపోతుంది, నీళ్ళు నిండిన సీసాని బిరడాతో నొక్కినట్టు. అలాగే తొక్కి ఉంటే ఇంజిన్ పైనున్నదంతా ఎగిరి నీ ఒళ్ళో పడేది. ఆ తెల్ల చొక్కా వాడికి పని తెలుసు."

నేనేం మాట్లాడలేదు. ఏం మాట్లాడతాను? ఎమెరీ గురించి ఇందాక అంత గొప్పగా రాసింది నేనే కదా.

మళ్ళీ పెట్టమన్నాడు. పెట్టాను. వాల్యూమ్ పూర్తిగా పెంచమన్నాడు. నాలుగోసారికి కళ్ళు మూసుకున్నాడు. బర్నవుట్ దగ్గరికి వచ్చేసరికి ఒక చెయ్యి ముందుకి చాచి గాలిలో గుప్పెట బిగించాడు, రెండో చెయ్యి సోఫా అంచు గట్టిగా పట్టుకుని ఉంది.

సరే, ఆ గీత గీసినాయన తప్పేమీ లేదని ఒప్పుకుంటున్నాను. అంతమాత్రాన బాకీ పోదు. ఏడు సెకన్లు, రాసిపెట్టుకో, వడ్డీ అక్కర్లేదు. అక్టోబర్ కల్లా మోకాలు సరవుతుందని డాక్టర్ చెప్పాడట, ఈసారి ఇద్దరం వస్తాం. పులిహోర ఆయన వీల్‌చైర్ సీటు కింద దాచి తెస్తున్నాం, గేటు దగ్గర మీ వాళ్ళకి చెప్పకు.

ఇట్లు,
కుడి చెవి ఇంకా సరిగ్గా వినపడని
నీ అభిమాని