పేషెంట్ పక్కన కూర్చునే ముందు ఒక పదిహేను నిమిషాలు

కీమోకో, డయాలసిస్‌కో, కిడ్నీ మార్పిడి తర్వాత చెకప్‌కో ఇంట్లోవాళ్ళని ఆసుపత్రికి తీసుకెళ్ళేవాళ్ళు ఆ రోజు పొద్దున్నే ఇంట్లో కోవిడ్ రాపిడ్ టెస్ట్ చేసుకుని బయల్దేరాలి. దీని గురించి మా చుట్టాల్లో సగంమందితో వాదించాను, మిగతా సగంతో కూడా వాదిస్తాను. "ఇంకా కోవిడ్ ఏంటమ్మా, అదెప్పుడో పోయిందిగా" అంటారు. పోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ఎత్తేసింది అత్యవసర పరిస్థితిని, వైరస్‌ని కాదు. మనలాంటి వాళ్ళకి అది నాలుగు రోజుల జలుబులా వచ్చి పోతోంది కాబట్టి అందరికీ అంతే అనుకుంటున్నాం.

మా మేనత్తకి లింఫోమా, అంటే తెల్ల రక్తకణాల్లో వచ్చే ఒకరకం క్యాన్సర్. ఊరు ఖమ్మం దగ్గర, ట్రీట్‌మెంట్ హైదరాబాద్‌లో, అందుకని మా ఇంట్లోనే ఉంటోంది. మూడు వారాలకోసారి కీమో కోసం ఆసుపత్రి డే కేర్‌కి తీసుకెళ్ళాలి. ఆవిడకిచ్చే మందుల్లో రిటుక్సిమాబ్ ఒకటి. అది జబ్బుపడిన బి కణాలతో పాటు మంచి బి కణాలనీ తుడిచేస్తుంది. మన ఒంట్లో యాంటీబాడీలు తయారయ్యేది ఆ కణాల వల్లే. ఆఖరి డోసు తర్వాత కూడా నెలల తరబడి అవి సరిగ్గా తిరిగి రావు, ఆ టైంలో టీకా వేసినా పెద్దగా పట్టదు. కాబట్టి "టీకాలన్నీ వేయించాంగా, ఇంక టెన్షన్ ఎందుకు" అనే మాట మా అత్తయ్య విషయంలో పనిచేయదు. పైగా ప్రతి కీమో తర్వాత ఒకటి రెండు వారాల్లో తెల్ల కణాల కౌంట్ బాగా పడిపోతుంది. ఆ రోజుల్లో జ్వరం 100.4 దాటితే అది రాత్రి రెండు గంటలైనా సరే ఎమర్జెన్సీకి పరిగెత్తాల్సిందే అని డాక్టర్లు ముందే చెప్పి పంపిస్తారు. ఇలాంటి మనిషికి కోవిడ్ వస్తే వైరస్ ఒంట్లో వారాల తరబడి ఉండిపోవచ్చు. ఊపిరితిత్తుల సంగతి అటుంచి, తర్వాతి కీమో వాయిదా పడుతుంది. క్యాన్సర్ వైద్యంలో వాయిదా అంటే ఎంత భయమో ఆ వరండాల్లో కూర్చున్నవాళ్ళకి తెలుసు.

ఇక ఆవిడకి జబ్బు అంటించేది ఎవరు? బజారుకి వెళ్ళదు, పెళ్ళిళ్ళకి వెళ్ళదు, గుడికి వెళ్ళడం కూడా మానేసింది. ఆవిడ దగ్గరికి వెళ్ళేది మనమే. కార్లో అద్దాలు మూసి ఏసీ వేసుకుని గంటసేపు పక్కన కూర్చునేది మనం, ఇన్‌ఫ్యూజన్ (నరంలోకి మందు) ఎక్కుతున్నంతసేపు కుర్చీ దగ్గరికి లాక్కుని కబుర్లు చెప్పేది మనం, మంచినీళ్ళు తాగించేదీ మనమే. ప్రేమ ఎంత ఎక్కువుంటే అంత దగ్గరగా కూర్చుంటాం, నా భయం అంతా అక్కడే.

అందుకే మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టాం. ఎవరి వంతు వస్తే వాళ్ళు ఆ పొద్దున టెస్ట్ చేసుకుని, టెస్ట్ కార్డు ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాలి. మొదట్లో మా నాన్నకి ఇది అవమానంగా అనిపించింది, "సొంత అక్క దగ్గరికి వెళ్ళడానికి నేను సర్టిఫికెట్ చూపించాలా" అన్నారు. నేను చెప్పింది ఒకటే, నాన్నా, ఇది మీ ప్రేమకి పరీక్ష కాదు, మీ ముక్కుకి పరీక్ష. తర్వాత ఆయనే అందరికంటే ముందు లేచి చేసుకోవడం మొదలుపెట్టారు. ఒకసారి మా బావ, అంటే అత్తయ్య కొడుకు వంతు. ఆయన కూకట్‌పల్లిలో ఉంటాడు, స్కూలుకెళ్ళే పిల్లలున్న ఇల్లు. గొంతులో కొంచెం గరగర, అంతే, జ్వరం లేదు, ఒళ్ళునొప్పుల్లేవు, మామూలుగా అయితే వేడినీళ్ళు తాగి బయల్దేరిపోయేవాడు. టెస్ట్‌లో రెండో గీత లేతగా వచ్చింది. లేతగా వచ్చినా గీత గీతే, పాజిటివే. ఆయన ఆగిపోయాడు, నాన్న తీసుకెళ్ళారు, అత్తయ్యకి ఆ రోజు ఇన్‌ఫ్యూజన్ ఆగలేదు. సాయంత్రానికి బావకి జ్వరం వచ్చింది. ఆ టెస్ట్ లేకపోతే ఆ రోజంతా వాళ్ళమ్మ పక్కనే కూర్చునేవాడు.

ఇప్పుడు నాకు ఎక్కువగా వినిపించే వాదన: "ఆ టెస్టులు కరెక్ట్ కాదండీ, సగం తప్పులే." ఇది సగం తెలిసి చెప్పే మాట. వీటి మీద వచ్చిన చాలా అధ్యయనాలు కలిపి చూసిన కాక్రేన్ అనే వైద్య పరిశోధకుల సంస్థ సమీక్షలో లెక్క ఇలా ఉంది: వైరస్ నిజంగా ఉన్నవాళ్ళలో, లక్షణాలు కూడా ఉంటే వందకి సుమారు 73 మందిని, లక్షణాలు లేకపోతే సుమారు 55 మందిని ఈ టెస్ట్ పట్టుకుంటుంది. వైరస్ లేనివాళ్ళకి ఉందని చెప్పడం మాత్రం చాలా అరుదు, వందలో ఒకరు కూడా ఉండరు. అంటే పాజిటివ్ వస్తే నమ్మొచ్చు, నెగెటివ్ వస్తే పూర్తిగా నమ్మకూడదు. జల్లెడలో కొంత నలక జారిపోతుందని పిండి జల్లించడం మానేస్తామా? పైగా ఇది పట్టుకునేది వైరస్ ప్రొటీన్‌ని. ముక్కులో వైరస్ ఎక్కువగా ఉన్నప్పుడే గీత వస్తుంది, ఎదుటివాళ్ళకి అంటుకునే అవకాశం ఎక్కువుండేదీ అప్పుడే. ఆర్టీపీసీఆర్ ఇంకా సున్నితమైనదే, కానీ రిపోర్టు వచ్చేసరికి కీమో టైం దాటిపోతుంది. ఆరింటికి బయల్దేరాల్సిన మనిషికి ఐదున్నరకి జవాబు కావాలి.

కానీ దీనికి ఉన్న హద్దుల్ని కూడా అంతే గట్టిగా చెప్పాలి, ఎందుకంటే నెగెటివ్ కార్డు చూసి జనం చేసే పనులు నాకు పాజిటివ్ కంటే ఎక్కువ భయం పుట్టిస్తున్నాయి. జబ్బు మొదలైన మొదటి రోజో రెండో రోజో నెగెటివ్ వచ్చి తర్వాత పాజిటివ్ రావడం మామూలే. అమెరికాలో మందులకి, టెస్టులకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2022 ఆగస్టులో ఇదే చెప్పింది: లక్షణాలుంటే 48 గంటల తేడాతో కనీసం రెండుసార్లు, లక్షణాలు లేకుండా కోవిడ్ ఉన్నవాళ్ళ దగ్గర మెలిగి ఉంటే అదే తేడాతో మూడుసార్లు చేసుకోమని. మన దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ కూడా 2021 మేలో, పుణెలో మైల్యాబ్ కంపెనీ తయారుచేసిన కోవిసెల్ఫ్ అనే ఇంటి కిట్‌కి అనుమతిచ్చినప్పుడే, లక్షణాలుండి నెగెటివ్ వచ్చినవాళ్ళు ఆర్టీపీసీఆర్ చేయించుకోవాలని రాసింది. లక్షణాలు లేనివాళ్ళు ఊరికే చేసుకోవద్దని కూడా అందులో ఉంది కదా అని ఒకాయన నాతో వాదించాడు. అది దేశం మొత్తానికి, అప్పటి పరిస్థితికి చెప్పిన మాట. నేను మాట్లాడేది తెల్ల కణాలు అడుగంటిన మనిషి పక్కన రోజంతా కూర్చోబోయే ఒక్కరి గురించి.

ఇంకో పెద్ద విషయం, ఈ కిట్ చూసేది కోవిడ్‌ని ఒక్కదాన్నే. ఫ్లూ కనపడదు, ఆర్‌ఎస్‌వీ (ఊపిరితిత్తులకి పట్టే ఇంకో వైరస్) కనపడదు, కీమోలో ఉన్నవాళ్ళకి అవి కూడా ప్రమాదమే. అందుకని దగ్గు, జలుబు, జ్వరం ఏది ఉన్నా సరే, కార్డు మీద ఒక్క గీతే ఉన్నా సరే, వెళ్ళకూడదు. ఈ ముక్క మనవాళ్ళకి ఎక్కించడం చాలా కష్టం. మన ఇళ్ళల్లో ఎవరికీ జలుబు చెయ్యదు, నీళ్ళు మారాయంటారు, ఏసీ పడలేదంటారు, దుమ్ము ఎలర్జీ అంటారు, నిన్న పెరుగు తిన్నానంటారు. మా బాబాయి ఒకరు అలాగే దగ్గుతూ ఊరినుంచి వచ్చి "ఇంత దూరం వచ్చి అక్కని చూడకుండా ఎట్లా పోతాను" అని గుమ్మంలో నిలబడ్డారు. ఆయన ప్రేమ నిజం, కళ్ళల్లో నీళ్ళు నిజం. అయినా లోపలికి రానివ్వలేదు, వరండాలో కుర్చీ వేసి, కిటికీ అవతలి నుంచి మాట్లాడించాం. ఇంటికొచ్చిన మనిషిని బయట కూర్చోబెట్టానని ఇప్పటికీ ఫంక్షన్లలో చెప్పుకుంటున్నారు. చెప్పుకోనివ్వండి.

విదేశాల నుంచి వచ్చే మన పిల్లలకి ప్రత్యేకంగా ఒక మాట. డిసెంబర్ సెలవలకో సంక్రాంతికో శంషాబాద్‌లో దిగి నేరుగా అమ్మమ్మ మంచం మీద కూర్చుంటారు, పద్దెనిమిది గంటలో ఇరవై గంటలో విమానాల్లో కూర్చుని వచ్చినవాళ్ళు. దిగిన పూట నెగెటివ్ వస్తే సరిపోదు, దార్లో అంటుకున్నది ఆ పూటకి బయటపడదు. రెండు రోజులు వేరే గదిలో ఉండండి, మాస్క్ పెట్టుకోండి, 48 గంటల తర్వాత ఇంకోసారి చేసుకోండి. అమెరికాలో కోవిడ్, ఫ్లూ రెండూ ఒకేసారి చూసే ఇంటి కిట్లకి 2023 నుంచి అనుమతులున్నాయి. చాక్లెట్లతో పాటు అవి కూడా సూట్‌కేసులో వేసుకురండి, ఇక్కడ ఒక ఇంటికి చాలా ఉపయోగపడతాయి.

పాజిటివ్ ముందే తెలియడం వల్ల ఇంకో లాభం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఒకవేళ పేషెంట్‌కి అప్పటికే అంటుకుని ఉంటే మందు మొదలుపెట్టడానికి టైం తక్కువ. పాక్స్‌లోవిడ్ లాంటి కోవిడ్ మాత్రలు లక్షణాలు మొదలైన ఐదు రోజుల్లోపు మొదలుపెట్టాలి. అది కూడా అందరికీ ఇష్టమొచ్చినట్టు ఇవ్వలేరు, కొత్త కిడ్నీని ఒళ్ళు తోసెయ్యకుండా మార్పిడి చేయించుకున్నవాళ్ళు వాడే టాక్రోలిమస్‌తో కలిస్తే, పాక్స్‌లోవిడ్‌లోని రిటోనవిర్ అనే మందు వల్ల రక్తంలో టాక్రోలిమస్ ప్రమాదకరంగా పెరిగిపోతుంది. అంటే ఆ ఐదు రోజుల్లోనే డాక్టర్‌ని పట్టుకోవాలి, మందులు సర్దించుకోవాలి. పక్కన కూర్చున్నవాళ్ళకి వచ్చిందని మొదటి రోజే తెలిస్తే ఒక దారి ఉంటుంది, నాలుగో రోజు తెలిస్తే పరుగులే.

నాకు అసలు కోపం ఆసుపత్రుల మీద. మేము వెళ్ళే చోట ఒక పేషెంట్‌కి ఒక్క అటెండెంటే అని గేటు దగ్గర సెక్యూరిటీ గట్టిగా అడ్డుకుంటాడు, పాస్ లేకపోతే కదలనివ్వడు. ఆ అటెండెంట్‌కి దగ్గుందా, జ్వరముందా అని మాత్రం ఎవరూ అడగరు. జుట్టు రాలిపోయిన మనుషులు వరసగా కూర్చున్న హాల్లో ఒకరు మాస్క్ లేకుండా తుమ్ముతుంటే సిస్టర్లు కూడా ఏమీ అనరు. 2022 జనవరిలో తెలంగాణలో ఆశా వర్కర్లు, ఏఎన్ఎంలు ఇంటింటికీ తిరిగి ఫీవర్ సర్వే చేసి మందుల కిట్లు చేతికిచ్చారు, అంత పెద్ద పని చేయగలిగినవాళ్ళం కీమో వార్డు గుమ్మం దగ్గర ఒక బల్ల వేసి, అటెండెంట్లకి టెస్ట్ చేసి, ఒక మంచి మాస్క్ ఇవ్వలేమా? కోవిసెల్ఫ్ వచ్చినప్పుడు ధర 250 రూపాయలు. మాకు అది పెద్ద మొత్తం కాదు. కానీ వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి భర్తని తీసుకొచ్చే కూలి మనిషికి ఆ రోజు కూలీ పోయి, ఆటో ఖర్చు పడి, దాని మీద ప్రతిసారీ ఈ 250 అంటే కుదిరే పని కాదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద డయాలసిస్ ఉచితంగా చేస్తున్నారు, అందులోనే అటెండెంట్ టెస్ట్ కూడా కలపాలి. పేషెంట్ ఐసీయూలో పడితే అయ్యే ఖర్చు కూడా అదే పథకం భరించాలి కదా.

అప్పటిదాకా చేయగలిగినవాళ్ళం చేద్దాం. టెస్ట్‌తో పాటు ఎన్95 మాస్క్, ముక్కు దగ్గర సందు లేకుండా. గడ్డం కింద పెట్టుకునేది కాదు. క్యాబ్‌లో అయితే ఏసీ ఆపించి అద్దాలు దించించండి, డ్రైవర్ విసుక్కుంటే ఇంకో ఇరవై ఇస్తామని చెప్పండి. వెళ్ళే మనిషికి పాజిటివ్ వస్తే ఎవరు వెళ్ళాలో ముందురోజు రాత్రే అనుకుని ఉంచుకోండి. లేకపోతే పొద్దున గీత చూసి కూడా "ఇప్పుడు ఎవరు దొరుకుతారు, మాస్క్ పెట్టుకుని వెళ్ళిపోతాలే" అనే దగ్గరికి వచ్చి ఆగుతుంది.

కిట్ ఎలా వాడాలని అడిగేవాళ్ళకి: లోపలి కాగితం చదవండి, కంపెనీని బట్టి మారుతుంది. మేము వాడేదాంట్లో పుల్లని రెండు ముక్కుల్లోనూ రెండు నుంచి నాలుగు సెంటీమీటర్లు పెట్టి ఐదేసిసార్లు తిప్పాలి, ట్యూబ్‌లో ముంచి కలిపి, కార్డు మీద రెండు చుక్కలు వేసి పదిహేను నిమిషాలు ఆగాలి. ఇరవై నిమిషాలు దాటాక కనిపించే గీత లెక్కలోకి రాదు, కాబట్టి ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి. కార్డు మీద సి అని రాసున్న చోట గీత రాకపోతే టెస్ట్ చెల్లదు, ఇంకో కార్డు తీయాలి. కొనేటప్పుడు ఎక్స్‌పైరీ చూసుకోండి, చాలా షాపుల్లో పాత స్టాక్ ఉంటోంది. 30 డిగ్రీలు దాటని చోట పెట్టాలి, మన ఎండాకాలంలో కారు డాష్‌బోర్డ్‌లో పెట్టి మర్చిపోతే పాడైపోతుంది. మా ఇంట్లో అత్తయ్య మందుల డబ్బా పక్కనే, చల్లగా ఉండే అరలో పెడుతున్నాం.