ప్రయోగశాలలోని ప్లాస్టిక్ సీసా గారికి విన్నపం

మహారాజశ్రీ ప్లాస్టిక్ సీసా గారికి, గోదావరి డెల్టాలోని ఒక పల్లపు ఊరి నివాసి నమస్కరించి వ్రాసుకొను విన్నపం.

మా వీధి చివరి స్థలాన్ని మెరక చేయడానికి పోసిన కాంక్రీటు రబ్బిష్‌నూ, అందులో కలిసి వచ్చిన బొగ్గుతారు పూత గొట్టాల పెచ్చులనూ తమరు పరీక్షించి, వాటి నుంచి నీటిలోకి ఊరే సేంద్రియ కాలుష్య కారకాలు "గుర్తించదగిన స్థాయిలో లేవు" అని తేల్చినందుకు కృతజ్ఞులం. అవి పోసిన నాడు వీధంతా కలరా ఉండల వాసన కొట్టింది గానీ, మా ముక్కులకు ప్రభుత్వ గుర్తింపు లేదు.

తమరి శ్రమ తక్కువది కాదు. పెళ్లలను 9.5 మిల్లీమీటర్ల జల్లెడలో దిగేలా చితగ్గొట్టి, వాటి బరువుకు 20 రెట్లు అసిటిక్ ఆమ్ల ద్రావణం పోసి, నిమిషానికి 30 చుట్ల చొప్పున సుమారు 18 గంటలు తమరిని తలకిందులుగా తిప్పుతారు. 2016 నాటి మన ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు కూడా వ్యర్థాల నుంచి విషాలు ఎంత ఊరతాయో చూసే ఈ టీసీఎల్‌పీ పద్ధతినే చేపట్టాయి. అయితే ఆ పద్ధతిని రాసిన అమెరికా పర్యావరణ సంస్థ, సేంద్రియాలను వెదికేటప్పుడు గాజు, టెఫ్లాన్, స్టెయిన్‌లెస్ స్టీలు వంటి పాత్రలే వాడాలనీ, తమరి పాలీఇథిలీన్ వంశాన్ని లోహాల పరీక్షలకే పరిమితం చేయాలనీ చెప్పింది. ఆ పుటను తమరి కార్యాలయంలో చెదలు తిని ఉంటాయి. ఈ తేమలో అది వింత కాదు.

బొగ్గుతారులోని బెంజోపైరీన్ అనే సేంద్రియ కాలుష్య కారకానికి నీరంటే గిట్టదు. లీటరు నీటిలో కొద్ది మైక్రోగ్రాములకు మించి కరగదు. ప్లాస్టిక్ గోడ కనిపిస్తే చాలు, పోయి అతుక్కుంటుంది. తమరి నుంచి తప్పించుకున్నదానిలో కొంత వడపోత పొరకు చిక్కుతుంది. దొంగసొత్తును కడుపులో దాచుకున్నవారే పంచనామా రాసి, ఏమీ పోలేదని సంతకం చేసిన పంచాయతీ ఇది.

ఇక ఆమ్లం సంగతి. అది ఊరి చెత్తకుప్ప కుళ్లినప్పుడు పుట్టే ఆమ్లాలను అనుకరించడానికి పెట్టినది. మా రబ్బిష్ చెత్తకుప్పలో లేదు. కాలువలు వదిలాక నాలుగు పారలు తవ్వితే నీరు ఊరే నేలలో, కాంక్రీటు పొడి వల్ల క్షారగుణం పట్టిన నీటిలో, నెలల తరబడి నానుతుంది. కుళ్లిన ఆకుల నుంచీ మట్టి నుంచీ వచ్చే హ్యూమిక్ పదార్థాలు అలాంటి నీటిలో బాగా కరిగి బెంజోపైరీన్ వంటి వాటిని మోసుకుపోతాయి; ఆమ్లంలో వాటిలో కొంత భాగం విరిగి అడుగుకు చేరుతుంది. మోసే కూలీని ముందే ఇంటికి పంపేసి, సరుకు కదలలేదని తమరు రాశారు.

గాజు లేదా స్టీలు గొట్టంలో పెళ్లలు నింపి, కింది నుంచి పైకి నీటిని మెల్లగా ఎక్కించి, విడతల వారీగా పట్టి చూసే కాలమ్ పరీక్ష యూరప్‌లో ఉన్నది. దానికి రోజులు పడుతుంది. కాంట్రాక్టరు బిల్లు అన్ని రోజులు ఆగదని తమరికి మాకంటే బాగా తెలుసు.

కాబట్టి తమరు సీసం, కాడ్మియం చూసే విభాగానికి బదిలీ కోరుకోవాలనీ, వెళ్లేముందు లోపలి గోడలను హెక్సేన్ అనే ద్రావణితో కడిగించుకొని, అందులో తేలిన అంకెను పాత నివేదిక కిందనే, అదే సంతకంతో చేర్పించాలనీ ప్రార్థన.

ఇట్లు,
మెరక చేసిన స్థలం పక్కన చేతిపంపు నీరు తాగువాడు