ప్రజలకే వదిలేశామన్నారు, ఓటేస్తే వినరేం?

2022 జూన్ 24న అబార్షన్ రాజ్యాంగ హక్కు కాదని అమెరికా సుప్రీంకోర్టు డాబ్స్ కేసులో తీర్పు ఇచ్చినప్పుడు దాన్ని మెచ్చుకున్నవాళ్లంతా ఒకటే మాట చెప్పారు. అబార్షన్‌ను దేశమంతటా హక్కు చేసిన 1973 నాటి రో వర్సెస్ వేడ్ తీర్పుతో జడ్జీలు తమ చేతుల్లోకి లాక్కున్న విషయాన్ని ఇన్నాళ్లకు ప్రజలకు, వాళ్లు ఎన్నుకున్న ప్రతినిధులకు తిరిగి అప్పగించామని. జస్టిస్ అలీటో రాసిన తీర్పు సారాంశమూ అదే. సరే, అబార్షన్ తప్పా ఒప్పా అన్న వాదన కాసేపు పక్కన పెట్టి, వాళ్ల మాటే పట్టుకుని అడుగుతున్నాం. ప్రజలు చెప్పింది విన్నారా?

కాన్సస్ అబార్షన్‌ను వ్యతిరేకించే రిపబ్లికన్ల కంచుకోట. తీర్పు వచ్చిన ఆరు వారాలకే, రాష్ట్ర రాజ్యాంగం నుంచి అబార్షన్ హక్కు తీసేద్దామా అని అక్కడ ఓటింగ్ జరిగింది. దాన్ని నవంబరులో కాకుండా పార్టీలు తమ అభ్యర్థుల్ని ఎంచుకునే, జనం పెద్దగా రాని ఆగస్టు ప్రైమరీ రోజున ఎందుకు పెట్టారో వేరే చెప్పాలా! జనం మాత్రం వచ్చారు, 59 శాతం మంది కుదరదన్నారు.

ఒహాయో పెద్దలు ఇంకా తెలివిగా ఆలోచించారు. 2023 నవంబరులో అబార్షన్ హక్కు మీద ఓటింగ్ రాబోతోందని తెలిసి, ఆగస్టులోనే ఒక ప్రత్యేక ఎన్నిక పెట్టి, రాజ్యాంగ సవరణకు ఇకపై 60 శాతం ఓట్లు రావాలని నిబంధన మార్చబోయారు. కబడ్డీ ఆడుతుండగా గీత వెనక్కి జరపడమన్నమాట. జనం దాన్నీ తిప్పికొట్టి, నవంబరులో సుమారు 57 శాతం ఓట్లతో హక్కును రాజ్యాంగంలో చేర్చారు. మరుసటి ఏడాది ఫ్లోరిడాలోనూ అదే 57 శాతం వచ్చింది, కానీ చాల్లేదు, ఎందుకంటే అక్కడ 60 నిబంధన ముందే ఉంది. నూటికి 57 మంది హక్కు కావాలన్న రాష్ట్రంలో ఆరు వారాలు దాటితే అబార్షన్ నిషేధం. నెల తప్పిందని గమనించి టెస్టు చేయించుకునేసరికే చాలామందికి ఆ ఆరు వారాలు అయిపోతాయి.

మిస్సోరీది మరీ విడ్డూరం. 2024లో ఓటర్లు హక్కును గెలిపిస్తే ఏడాది తిరక్కుండానే దాన్ని రద్దు చేసే సవరణను శాసనసభ 2026 నవంబరు ఓటింగుకు సిద్ధం చేసింది. పైగా ఓటర్ల కోసం రాసిన సారాంశంలో, పాత సవరణ దీంతో రద్దవుతుందన్న ముక్కే లేదు! కోర్టు తప్పుపట్టాక మార్చాల్సి వచ్చింది. దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించకపోవడమంటే ఇదే.

డెమొక్రాట్లనూ ఒక మాట అనాలి. 49 ఏళ్లు కోర్టు తీర్పు ఉందిలే అన్న ధీమాతో గడిపేసి, దేశమంతటికీ వర్తించే చట్టం ఒక్కటి చేసిపెట్టుకోలేకపోయారు.

ఇప్పటిదాకా చెప్పింది ఓటు వేసే వీలున్న చోట సంగతి. టెక్సాస్‌లో జనం సంతకాలు సేకరించి ఒక విషయాన్ని రాష్ట్రవ్యాప్త ఓటింగుకు తెచ్చే పద్ధతే లేదు. అక్కడ చట్టం ప్రకారం అబార్షన్ చేసిన డాక్టరుకు యావజ్జీవం దాకా జైలు, కనీసం లక్ష డాలర్ల జరిమానా, లైసెన్సు రద్దు. అత్యాచారం జరిగినా మినహాయింపు లేదు, పుట్టినా బతకని బిడ్డ అని తేలినా లేదు. ఈ రెండోదాని గురించి మన పాఠకులకు కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో మనవాళ్లు వేల కుటుంబాలున్నారు.

మన దగ్గర టిఫా అంటామే, ఆ ఐదో నెల స్కానింగులో బిడ్డకు తీవ్రమైన లోపం బయటపడిందనుకోండి. హైదరాబాదులో అయితే 24 వారాలు దాటినా మెడికల్ బోర్డు చూసి అనుమతి ఇవ్వొచ్చు. 2023 డిసెంబరులో ఇలాంటి పరిస్థితిలోనే డాలస్ ప్రాంతపు తల్లి ఒకామె అబార్షన్‌కు అనుమతి కోరుతూ కోర్టుకెళ్లింది. కింది కోర్టు సరేనంది. వెంటనే రాష్ట్ర అటార్నీ జనరల్ కెన్ పాక్స్టన్, ఆ కోర్టు ఉత్తర్వు మిమ్మల్నేమీ కాపాడదంటూ ఆస్పత్రులకు లేఖ రాశారు. రాష్ట్ర సుప్రీంకోర్టు ఆమెకు వ్యతిరేకంగా తేల్చింది. అప్పటికే ఆమె వేరే రాష్ట్రానికి బయల్దేరింది. తల్లి ప్రాణం మీదికొచ్చేదాకా డాక్టర్లు ఆగనక్కర్లేదని చట్టంలో స్పష్టంగా రాయడానికి 2025 దాకా పట్టింది. బిడ్డ బతకదని తేలిన కేసుల్లో మాత్రం ఆ సవరణ తర్వాతా మార్పు లేదు.

హెచ్1బీ మీద ఉన్న భార్యాభర్తల సంగతి ఆలోచించండి. పన్నులు కడతారు, ఓటు లేదు, ఉద్యోగం వదిలి వేరే రాష్ట్రానికి మకాం మారుద్దామంటే వీసా ఆ ఉద్యోగంతోనే ముడిపడి ఉంటుంది. డాలస్ నుంచి, అబార్షన్‌కు వీలున్న న్యూమెక్సికో రాష్ట్రంలోని అల్బుకర్కీకి కారులో పది గంటలు. ఆ టెన్షన్‌లో, ఇంట్లో పెద్దవాళ్లకు కూడా చెప్పుకోలేని స్థితిలో ఆ ప్రయాణం చేయాలి.

ఇంతా చేసి నిషేధాలు సాధించిందేమిటి? 2023లో అమెరికాలో అబార్షన్లు పది లక్షలు దాటాయి. తగ్గలేదు, చోటు మారాయంతే. బ్రిస్టల్ అని ఒక ఊరుంది, దాని మెయిన్ రోడ్డు మధ్యలో ఇత్తడి బిళ్లలు వరుసగా దిగేసి ఉంటాయి. ఒక పక్క టెనెసీ, ఇంకో పక్క వర్జీనియా. టెనెసీ వైపున్న క్లినిక్కు మూతపడే సమయానికే మైలు దూరంలో వర్జీనియా వైపు ఇంకోటి తెరుచుకుంది. రోడ్డు దాటితే చికిత్స, దాటకుండా చేస్తే డాక్టరుకు జైలు! బండి, డబ్బు, సెలవు ఉన్నవాళ్లు దాటుతారు. లేనివాళ్ల మాటేమిటో ఈ చట్టాలు చేసినవాళ్లే చెప్పాలి.

కడుపులో ఉన్నదీ ప్రాణమేనని మనస్ఫూర్తిగా నమ్మేవాళ్లున్నారు. వాళ్ల నమ్మకాన్ని మేం వెక్కిరించం. వెళ్లి జనాన్ని ఒప్పించుకోండి, గెలవండి. టెక్సాస్‌లో శాసనసభ మూడింట రెండొంతుల మెజారిటీతో ఏ సవరణనైనా ఓటర్ల ముందు పెట్టొచ్చు. 2025 నవంబరులో అలా 17 పెట్టారు. కొట్లో అమ్మకానికి ఉంచిన పశువుల దాణాకు పన్ను మినహాయింపు ఇవ్వాలా వద్దా అని కూడా జనాన్ని అడిగారు. అబార్షన్ గురించి మాత్రం అడగలేదు.